స్నోబోర్డింగ్ నేర్చుకోవడానికి వెళ్తున్నాం: ఏ బట్టలు కొనాలి, ఏవి అక్కర్లేదు?

విశాఖ_రెడ్‌మండ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం నుంచి అమెరికాలో సియాటిల్ దగ్గరున్న రెడ్‌మండ్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డేతో కలిసివచ్చే మూడు రోజుల సెలవుల్లో స్నోక్వాల్మీ పాస్ అనే కొండ కనుమలో జరిగే స్నోబోర్డింగ్ మొదటి పాఠాలకు నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మా పాప పేర్లు ఇచ్చాం. బోర్డు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకు దొరుకుతాయి. బట్టలు మాత్రం మావే ఉండాలి. సముద్రపు గాలిలో పెరిగినవాళ్ళం కాబట్టి చలి అంటే ఇంట్లో అందరికీ భయమే. అందుకే ముందే అడిగి తెలుసుకొని, నిజంగా అవసరమైనవే కొనాలనుకుంటున్నాను.

ప్రస్తుతం మా దగ్గర మోకాళ్ళ దాకా వచ్చే లావుపాటి డౌన్ (బాతు ఈకలు నింపిన) జాకెట్లు, జీన్స్ ప్యాంట్లు, ఇక్కడికి వచ్చేముందు హైదరాబాద్‌లో కొన్న థర్మల్ ఇన్నర్లు, అల్లిక చేతి తొడుగులు, మా అత్తగారు తన చేత్తో అల్లి పంపిన స్వెట్టర్లు ఉన్నాయి. దుకాణానికి వెళ్తే ఒక జాకెట్ 90 డాలర్లు, దాని పక్కనే వేలాడుతున్న మరొకటి 450 డాలర్లు. చీటీల మీద 10కె, 20కె అని రాసి ఉంది కానీ, ఆ తేడాకు అంత డబ్బు ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాలేదు. ముగ్గురికీ కలిపి 500 డాలర్లకు మించకుండా చూసుకోవాలని ఉంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. డిసెంబరులో పాపను మంచు మీద జారుడుబండ ఆటకు తీసుకెళ్ళాం. జీన్స్, అల్లిక తొడుగులు వేసి పంపాం. అరగంట గడిచేసరికి దాని వేళ్ళు కొంకర్లు పోయి, తొడుగులు తీయడానికి కూడా రాక, కారులో హీటర్ ముందు చేతులు పెట్టుకొని ఏడ్చింది. ఆ ఏడుపు నా చెవుల్లో ఇంకా ఉంది. రెండోసారి అలా జరగకూడదు. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపించండి.

కాస్కేడ్స్‌లో_పదేళ్ళు

విశాఖ_రెడ్‌మండ్ గారూ, మీ పాపను ఏడిపించింది చలి కాదు, తడి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

స్నోబోర్డింగ్‌లో రెండు కాళ్ళూ ఒకే బోర్డుకు బిగించి ఉంటాయి. నేర్చుకునేవారు పట్టీలు బిగించుకోవడానికి మంచులో కూర్చుంటారు, లేవబోయి మోకాళ్ళ మీద పడతారు, మళ్ళీ కూర్చుంటారు, పాఠం చెప్పే ఆయన మాట్లాడుతున్నంతసేపూ అలాగే కూర్చొని వింటారు. స్కీయింగ్ నేర్చుకునేవారు రోజులో ఎక్కువసేపు నిలబడే ఉంటారు కాబట్టి వాళ్ళకు పనికొచ్చే సలహా మనకు సగమే పనికొస్తుంది. మొదటి రోజున మీ శరీరంలో మంచును అంటిపెట్టుకొని ఉండే చోట్లు మూడే: పిరుదులు, మోకాళ్ళు, అరచేతులు. డబ్బు కూడా ఆ వరుసలోనే పెట్టండి. ముందు ప్యాంటు, తర్వాత చేతి తొడుగులు, ఆ తర్వాతే జాకెట్. దుకాణంలో అందరి చూపూ జాకెట్ మీదే పడుతుంది, కానీ మొదటి ఏడాది దాని పని అన్నిటికంటే తక్కువ.

ఇక స్నోక్వాల్మీ సంగతి. ఆ కనుమ ఎత్తు దాదాపు 3,000 అడుగులు మాత్రమే. అందువల్ల శీతాకాలంలో అక్కడి ఉష్ణోగ్రత చాలా రోజులు సున్నా డిగ్రీలకు అటూ ఇటూగా ఊగుతూ ఉంటుంది. పసిఫిక్ సముద్రం మీది నుంచి వచ్చే తేమంతా ఈ కాస్కేడ్ కొండలకు తగిలి కురుస్తుంది. ఇదే వరుసలో ఉత్తరాన ఉన్న మౌంట్ బేకర్ స్కీ కేంద్రంలో 1998–99 సీజన్‌లో 1,140 అంగుళాల మంచు కురిసి ప్రపంచ రికార్డు అయింది. అంత తేమ ఉన్న చోట కురిసే మంచు దూదిలా ఉండదు. పిడికిట్లో పట్టి నొక్కితే నీళ్ళు కారేంత బరువుగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. పొద్దున మంచు, పదకొండుకు వాన, సాయంత్రం మళ్ళీ మంచు పడే రోజులు నేను చాలా చూశాను. అలాంటి చోట మీ డౌన్ జాకెట్ పని చేయదు. బాతు ఈకల మధ్య నిలిచే గాలే దాని వెచ్చదనం. ఈకలు తడిస్తే ఉండలు కట్టి ఆ గాలి పోతుంది, మళ్ళీ ఆరడానికి రోజంతా పడుతుంది. పైగా మోకాళ్ళ దాకా ఉండే జాకెట్‌తో కూర్చొని లేవడం కష్టం. దాన్ని కారులో ఉంచండి. పాఠం అయిపోయాక పార్కింగ్‌లో తడి బట్టలు విప్పి అది వేసుకుంటే ప్రాణం లేచి వస్తుంది.

చీటీ మీది అంకెలకు అర్థం ఇది. 10కె అంటే 10,000 మిల్లీమీటర్లు, అంటే పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం ఆ గుడ్డ మీద నిలబెట్టినా నీరు ఇవతలికి రాదని పరీక్షలో తేలినట్లు. 20కె అంటే అది ఇరవై మీటర్లు. వాన చినుకుకు అంత ఒత్తిడి ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, ఉండదు. కానీ తడి మంచులో మోకాలు మోపి శరీరం బరువంతా దాని మీద వేస్తే ఆ చిన్న చోట పడే ఒత్తిడి చినుకు ఒత్తిడికి ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ఈ ప్రాంతంలో ప్యాంటు కనీసం 10కె ఉండాలి, 15కె దొరికితే మరీ మంచిది. జాకెట్ 10కె చాలు, 450 డాలర్లది మీకు అక్కర్లేదు. చీటీ మీద రెండో అంకె కూడా ఉంటుంది. అది ఒక చదరపు మీటరు గుడ్డ గుండా ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని గ్రాముల నీటి ఆవిరి బయటికి పోగలదో చెబుతుంది. మొదటి అంకె బయటి తడి కోసం, రెండోది లోపలి చెమట కోసం. నేర్చుకునేవాళ్ళకు చెమట బాగా పడుతుంది, ఎందుకంటే పడి లేవడమే పెద్ద వ్యాయామం.

అంకెల కంటే ముఖ్యమైన పరీక్ష ఒకటి మీరే చేయవచ్చు. ప్యాంటును లోపలి వైపు తిప్పి కుట్లు చూడండి. సూది పోయిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది. ఆ కుట్టు పొడవునా వేలి వెడల్పున సన్నని, నున్నని టేపు అతికించి ఉందేమో చూడండి. కొన్నిటికి అన్ని కుట్లకూ ఉంటుంది, కొన్ని జాకెట్లకు భుజాలు, మెడ వంటి చోట్ల మాత్రమే ఉంటుంది. ప్యాంటులో పిరుదుల దగ్గర, కాళ్ళు కలిసే చోట టేపు లేకపోతే గుడ్డ 20కె అయినా నీళ్ళు లోపలికి వస్తాయి. నేను దుకాణంలో చీటీ చదవడం మానేసి ముందు కుట్లే చూస్తాను.

లోపలి బట్టల విషయంలో ఒక నియమం గట్టిగా పాటించండి. నూలు బట్ట ఒంటికి తగలకూడదు. మన ఎండలకు నూలును మించినది లేదు, ఎందుకంటే అది చెమటను పీల్చుకొని ఒంటిని చల్లబరుస్తుంది. సరిగ్గా ఆ గుణమే ఇక్కడ శత్రువవుతుంది. కదలని గాలితో పోలిస్తే నీరు దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. తడిసిన బనియను ఒంటికి అంటుకొని ఉండగా, కొండ పైకి తీసుకెళ్ళే కుర్చీ లిఫ్టు మీద పది నిమిషాలు గాలికి కూర్చుంటే పైన ఎన్ని పొరలున్నా వణుకు ఆగదు. మీరు హైదరాబాద్‌లో కొన్న ఇన్నర్ల లోపలి చీటీ చదవండి. మన దగ్గర అమ్మే వాటిలో చాలా భాగం నూలు కలిసినవే. నూలు ఎక్కువ ఉంటే ఇంట్లో రాత్రిపూట వేసుకోవడానికి ఉంచేయండి. మీరు జిమ్‌కు వేసుకునే పొడవు చేతుల పాలియెస్టర్ చొక్కా, బిగుతు లెగ్గింగు ఉంటే అవే చాలు, కొత్తగా కొనక్కర్లేదు. మెరీనో ఉన్ని ఇంకా మేలు. తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకొని కూడా అది ఒంటికి తడిగా అనిపించదు, వాసనా రాదు. ధర మాత్రం ఎక్కువ. దాని మీద పల్చటి ఫ్లీస్ (మెత్తటి పాలియెస్టర్ స్వెట్టరు) ఒకటి. మీ అత్తగారి స్వెట్టరు అసలైన ఉన్నిది అయి, చేతులు స్వేచ్ఛగా ఆడేంత వదులుగా ఉంటే, ఫ్లీస్‌కు బదులు నిశ్చింతగా వేసుకోవచ్చు. జాకెట్ కొనేటప్పుడు దాన్ని లోపల వేసుకొని వెళ్ళి కొలత చూసుకోండి.

సాక్స్ ఒక్క జతే వేసుకోండి. రెండు జతలు వేస్తే రెట్టింపు వెచ్చదనం వస్తుందని అందరం అనుకుంటాం, కానీ బూటు బిగిసి రక్తం ఆడక కాళ్ళు మరింత చల్లబడతాయి, రెండు పొరలు ఒకదానికొకటి ఒరుసుకొని పొక్కులు వస్తాయి. బూటు పైఅంచు కంటే ఎత్తుగా, పిక్క మీదికి వచ్చే ఉన్ని సాక్స్ కావాలి. లోపలి లెగ్గింగును సాక్స్‌లోకి దూర్చకండి, దాన్ని మడమ దాకా కాకుండా బూటు పైన ఆపేయండి. బూటు లోపల పాదానికీ పిక్కకూ సాక్స్ తప్ప మరేదీ తగలకూడదు.

ప్యాంట్లకు వాడిన క్రీడాసామగ్రి అమ్మే దుకాణాలు చూడండి. పిల్లలవి ఒక సీజన్ వాడి అమ్మేస్తారు కాబట్టి మంచివి దొరుకుతాయి. అలా చూసుకుంటే మీరు అనుకున్న డబ్బులోనే ముగ్గురికీ సరిపోతుంది.

డెన్వర్_తెలుగు

పైన చెప్పిన వరుసలో ఒక్క మార్పు సూచిస్తాను. నా అనుభవంలో చేతి తొడుగులదే మొదటి స్థానం. ప్యాంటు తడిస్తే ఇబ్బంది పడుతూనైనా పాఠం పూర్తి చేస్తాం. వేళ్ళు మొద్దుబారితే పట్టీ బిగించలేం, జిప్పు లాగలేం, ముక్కు తుడుచుకోలేం, ఆ రోజు అక్కడితో సరి. మీ పాపకు జరిగింది కూడా అదే కదా. కాబట్టి ముగ్గురికీ నీరు చొరని మిట్టెన్లు కొనండి. ఐదు వేళ్ళూ విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే, నాలుగు వేళ్ళు ఒకే గదిలో ఉండే మిట్టెన్లలో వేళ్ళు ఒకదానినొకటి వేడి చేసుకుంటాయి. మణికట్టుకు తగిలించుకునే తాడు ఉన్నవి తీసుకుంటే లిఫ్టు మీద నుంచి కిందపడిపోవు. వీలైతే పాపకు రెండో జత కూడా ఉంచండి. మధ్యాహ్నం తడి తొడుగు విప్పి మళ్ళీ అదే తొడిగితే లోపలి అస్తరు వేళ్ళతో పాటు బయటికి వచ్చేస్తుంది, పిల్లలకు అది ఎంతకీ సరిగ్గా ఎక్కదు.

తొడుగులతో పాటు మణికట్టు రక్షలు కూడా కొనండి. స్నోబోర్డు మీద పడేవాడు సహజంగానే చేతులు చాపి ఆనుకుంటాడు, అందుకే కొత్తవారికి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే. నేను మొదటి ఏడాది రక్షలు లేకుండానే నేర్చుకున్నాను. మూడో రోజు కుడి మణికట్టు బెణికి ఆరు వారాలు ఎడమ చేత్తో అన్నం తిన్నాను. రక్షలు మిట్టెన్ లోపల ఇమడాలి కాబట్టి దుకాణంలోనే రెండూ కలిపి తొడిగి చూడండి.

ఇంకొకటి, ఎక్కువ వేసుకోవద్దు. చలి భయంతో నేను మొదటిసారి ఐదు పొరలు వేసుకొని వెళ్ళాను. పదిన్నర అయ్యేసరికి లోపలంతా చెమటతో నానిపోయింది, పదకొండుకు మేఘం కమ్మగానే పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు కాస్త చలిగా అనిపిస్తేనే సరిగ్గా వేసుకున్నట్లు లెక్క. చంకల కింద జిప్పులున్న జాకెట్ తీసుకుంటే, వేడెక్కినప్పుడు జాకెట్ విప్పకుండానే గాలి ఆడించుకోవచ్చు.

మా కొలరాడో పరిస్థితి మీకు పూర్తిగా వేరు. బ్రెకెన్‌రిడ్జ్‌లో కొండ అడుగే 9,600 అడుగుల ఎత్తులో ఉంటుంది. జనవరి ఉదయాలు చాలా చల్లగా ఉంటాయి కానీ మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. అందుకని ఇక్కడ పల్చటి డౌన్ జాకెట్‌ను పైజాకెట్ లోపల వేసుకున్నా ఇబ్బంది లేదు. ఇక్కడి అసలు సమస్య ఎండ. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది. మన ఒంటి రంగుకు ఎండ ఏం చేస్తుందిలే అనుకొని క్రీమ్ రాసుకోకుండా వెళ్ళిన మా బంధువు ఒకాయనకు గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో చర్మం కమిలిపోయింది. ఎండ పైనుంచే కాక కింద నుంచి కూడా వస్తుందని ఆయన ఊహించలేదు.

మంచులో పెట్టుకునే కళ్ళజోడు, అంటే గాగుల్స్ అద్దం కూడా చోటును బట్టే మారుతుంది. గాగుల్స్ మీద ఎస్1, ఎస్2, ఎస్3 అని ఉంటుంది. ఎస్3 అద్దం వెలుతురులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోనికి రానిస్తుంది, కొలరాడో ఎండకు అది తగినది. మీ మబ్బు ఆకాశానికి 43 నుంచి 80 శాతం రానిచ్చే ఎస్1, లేత గులాబీ లేదా పసుపు రంగులో కొనండి. మబ్బు రోజున నల్లటి అద్దం పెట్టుకుంటే మంచులోని ఎత్తుపల్లాలు కనిపించక, గుంట ఉన్నట్లు పడ్డాకే తెలుస్తుంది.

గోదావరి_గట్టు

పెద్దలిద్దరూ చాలా బాగా చెప్పారు. వారు చెప్పని కొన్ని విషయాలు మీ శ్రీమతి గారి కోసం, పాప కోసం రాస్తున్నాను. ఇవి ఇక్కడి దుకాణాల్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళకు తెలియవు.

మెట్టెలు, పట్టీలు తీసి ఇంట్లో పెట్టి వెళ్ళమని చెప్పండి. స్నోబోర్డు బూటు పాదాన్ని అన్ని వైపుల నుంచీ గట్టిగా పట్టుకొని ఉండాలి, వదులుగా ఉంటే బోర్డు మాట వినదు. నేను మొదటిసారి మెట్టెలతోనే వెళ్ళాను. తీయడానికి మనసు ఒప్పలేదు. రెండు గంటలు గడిచాక రెండో వేలు మంట పుట్టింది. బూటు విప్పి చూస్తే వెండి చుట్టు వేలిలోకి దిగి, చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. సబ్బు నీళ్ళు పెడితే గానీ ఊడి రాలేదు. తీయడం ఇష్టం లేకపోతే ఆ ఒక్క రోజుకు వాటిని దారానికి గుచ్చి మెడలో కట్టుకుని లోపలి చొక్కాలో వేసుకోవచ్చు. మా అక్క అలాగే చేస్తుంది. పట్టీ గొలుసు సాక్స్ కింద ఉంటే చీలమండ ఎముక మీద బూటుకూ ఎముకకూ మధ్య నలుగుతుంది. మట్టి గాజులు అసలే వద్దు, చేతుల మీద పడేటప్పుడు పగిలి గుచ్చుకుంటాయి. బంగారు గాజులున్నా మణికట్టు రక్ష బిగియదు.

జడ మెడ దగ్గర కిందుగా, పల్చగా వేసుకోవాలి. ముడి, క్లచ్ క్లిప్పు ఉంటే హెల్మెట్ తల మీద కూర్చోదు, పైకి లేచి నుదురు బయటపడుతుంది. ముందు రోజు తలకు నూనె పెట్టవద్దు. హెల్మెట్ అస్తరుకూ, గాగుల్స్ నురుగు పట్టీకీ పట్టిన నూనె అద్దానికి అంటుకొని, ఎంత తుడిచినా మసక పోదు. హెల్మెట్ లోపల మంకీ క్యాప్ వంటి లావు టోపీలు వేయకండి. చెవులకు చలి అనిపిస్తే పల్చటి స్కీ టోపీ ఒకటి చాలు. చున్నీ, మఫ్లరు కూడా ప్రమాదమే, వేలాడే కొంగు లిఫ్టు కుర్చీకి చిక్కుకోవచ్చు. మెడకు గొట్టంలా తొడుక్కునే గుడ్డ కొనండి. చలి గాలి వేస్తే ముక్కు దాకా లాక్కోవచ్చు.

పాపకు మామూలు ప్యాంటు కాకుండా, ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలుండే బిబ్ ప్యాంటు తీసుకోండి. పిల్లలు వెనక్కి పడినప్పుడు జాకెట్ పైకి జరిగి నడుము దగ్గర మంచు దూరుతుంది, బిబ్ ఉంటే ఆ బాధ ఉండదు. కానీ టాయిలెట్‌కు వెళ్ళాలంటే జాకెట్ కూడా విప్పాల్సి వస్తుంది కాబట్టి పక్క జిప్పు నడుము కింది దాకా తెరుచుకునేది చూడండి, అది తనంతట తాను విప్పుకోగలదా అని ఇంట్లో ఒకసారి చేయించి చూడండి. కొన్ని పిల్లల ప్యాంట్లలో కాలి అంచు లోపల ఒక అదనపు కుట్టు ఉంటుంది. మరుసటి ఏడాది ఆ కుట్టు విప్పితే పొడవు పెరుగుతుంది. మనకు పిల్లలకు రెండు సైజులు పెద్దవి కొనే అలవాటు ఉంది కదా, ప్యాంటుకు, జాకెట్‌కు ఒక సైజు పెద్దదైనా పరవాలేదు. బూట్లకూ, మిట్టెన్లకూ మాత్రం ఆ లెక్క వద్దు. పెద్ద మిట్టెన్‌లో చిన్న వేళ్ళు చివరి దాకా చేరవు, ఆ ఖాళీ గాలిని వెచ్చబరచడానికే వాటి వేడి అంతా అయిపోతుంది. మిట్టెన్ అంచు పొడవుగా ఉండి జాకెట్ చేతి మీదికి వచ్చేది కొని, దాని తాడు బిగించండి. మంచు దూరేది మణికట్టు దగ్గరే.

విశాఖ_రెడ్‌మండ్

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. మెట్టెల విషయం చదివి మా ఆవిడ కాసేపు ఆలోచించి, దారానికి కట్టుకుంటానంది. హైదరాబాద్ ఇన్నర్ల చీటీ చూశాను, అరవై శాతం నూలే. అవి పక్కన పెట్టేశాం.

వాడిన సామాన్ల దుకాణంలో నాకు 15కె ప్యాంటు 35 డాలర్లకు దొరికింది, కుట్లన్నిటికీ టేపు ఉంది. కానీ ఇంటికి తెచ్చి తొట్టి కుళాయి కింద పట్టి చూస్తే మోకాళ్ళ దగ్గర నీళ్ళు నిలవకుండా గుడ్డ నల్లబడి తడిసిపోతోంది. లోపలి వైపు మాత్రం పొడిగానే ఉంది. ఇది పాడైపోయిన ప్యాంటా, లేక వాడుకోవచ్చా?

కాస్కేడ్స్‌లో_పదేళ్ళు

పాడవలేదు, మంచి ప్యాంటే దొరికింది. నీటిని ఆపేది లోపల ఉండే పల్చటి పొర. పైగుడ్డకు వేరే పూత ఒకటి ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలిచినట్లు నీళ్ళు గుండ్రంగా నిలిచి జారిపోయేది ఆ పూత వల్లే. మురికి, చెమట, ఒంటి నూనె పట్టి ఆ పూత పని మానేస్తే పైగుడ్డ నీళ్ళు తాగుతుంది. లోపలికి నీళ్ళు రాకపోయినా గుడ్డ బరువెక్కుతుంది, చెమట ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, లోపలి చెమటనే మనం వాన నీరు వచ్చిందని అనుకుంటాం.

జిప్పులన్నీ మూసి, ఇలాంటి బట్టలకని అమ్మే ద్రవంతో ఉతకండి. అది లేకపోతే మామూలు సబ్బు కొంచెమే వేసి రెండుసార్లు జాడించండి. మెత్తదనం కోసం వేసే ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం చుక్క కూడా తగలకూడదు. చీటీ మీద డ్రయ్యరు వద్దని రాసి లేకపోతే తక్కువ వేడి మీద డ్రయ్యరులో తిప్పండి, ఆ వేడికి పూత తిరిగి మేలుకుంటుంది. మళ్ళీ కుళాయి కింద పట్టి చూడండి. అప్పటికీ నీళ్ళు నిలవకపోతేనే పైన చల్లే పూత కొని, మోకాళ్ళకు, పిరుదుల దగ్గర పట్టించండి. ఒకప్పుడు ఈ పూతల్లో వాడిన ఫ్లోరిన్ రసాయనాలు నీళ్ళలో, నేలలో ఏళ్ళ తరబడి నశించకుండా ఉంటాయని తెలిశాక వాటిని తగ్గిస్తూ వస్తున్నారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చాలా రకాల కొత్త బట్టల్లో వాటిని నిషేధించారు. ఆ మార్పు మంచిదే. అయితే కొత్త పూతలు నీటిని ఆపినంతగా నూనెను ఆపలేవు కాబట్టి త్వరగా మురికి పడతాయి, కొత్త జాకెట్‌ను పాతదాని కంటే తరచుగా ఉతకాలి. ఉతికితే పాడవుతుందేమోనని మూడేళ్ళు ఉతకకుండా వాడేవాళ్ళను చూశాను, ఉతకకపోవడం వల్లే అవి పాడయ్యాయి.

బేగంపేట_నుంచి

ఈ చర్చ చదువుతున్న మన ఊళ్ళవాళ్ళ కోసం ఒక మాట. హైదరాబాద్ నుంచి గుల్మార్గ్ వెళ్ళి స్నోబోర్డింగ్ నేర్చుకునేవారు ఇప్పుడు కనిపిస్తున్నారు, నేనూ అలా వెళ్ళినవాడినే. దారిలో టాంగ్‌మార్గ్‌లో పొడవాటి ఓవర్‌కోట్లు, గమ్‌బూట్లు అద్దెకు ఇస్తారు. అవి మంచులో నడిచి ఫొటోలు దిగేవారికి సరిపోతాయి, బోర్డు ఎక్కేవారికి పనికిరావు. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, గొండోలా (తీగల మీద నడిచే రోప్‌వే) రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడి మంచు కాస్కేడ్స్ కంటే పొడిగా ఉంటుంది కానీ పైన గాలి కోత భరించలేనిది. బోర్డు, బూట్లు, పై జాకెట్ అక్కడ స్కీ సామాన్ల దుకాణాల్లో అద్దెకు దొరికినా, ఒంటికి తగిలే లోపలి పొర, సాక్స్, తొడుగులు, గాగుల్స్ మాత్రం ఇక్కడి నుంచే కొని పట్టుకెళ్ళండి. అద్దె తొడుగులు ముందు రోజు తడిసినవి ఆరకుండానే ఇస్తే చేసేదేమీ ఉండదు, నాకు అలాగే ఇచ్చారు.

విశాఖ_రెడ్‌మండ్

నిన్న రాత్రే తిరిగి వచ్చాం. చెప్పినవన్నీ ఎలా పని చేశాయో రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటి రోజు పదింటి దాకా తడి మంచు, ఆ తర్వాత ఒంటిగంట దాకా సన్నటి వాన. ఉతికి డ్రయ్యరులో వేసిన ప్యాంటు మీద నీళ్ళు బొట్లుబొట్లుగా జారిపోయాయి, మోకాళ్ళు రోజంతా పొడిగా ఉన్నాయి. పాపకు పదకొండున్నరకు మిట్టెన్లు మార్చాం. విప్పినవాటిని పిండితే ధార కట్టింది, కానీ లోపల దాని వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి. నేను పట్టుకొని చూశాను. మణికట్టు రక్షల విలువ మా ఆవిడకు మొదటి గంటలోనే తెలిసింది. ఆమె మెట్టెలు మెడలో దారానికే ఉన్నాయి, సాయంత్రం కారులో కూర్చోగానే తిరిగి పెట్టుకుంది.

నేను ఒక్క పొరపాటు చేశాను. అన్నీ సరిగ్గా వేసుకొని, ఏళ్ళ అలవాటు కొద్దీ పాలియెస్టర్ చొక్కా లోపల నూలు బనియను కూడా తొడుక్కున్నాను. మధ్యాహ్నానికి వీపంతా చల్లటి గుడ్డ చుట్టినట్లు అయింది. భోజనానికి ఆగినప్పుడు బాత్రూములో విప్పి సంచిలో పడేశాక పావుగంటలో ఒళ్ళు వెచ్చబడింది. రెండో రోజు అది లేకుండా వెళ్ళాను, లిఫ్టు మీద కూడా చలి తెలియలేదు.

గాగుల్స్ మాత్రం తక్కువ ధరకు వస్తున్నాయని నల్లటి అద్దానివి కొన్నాం, డెన్వర్_తెలుగు గారు చెప్పినట్లే మబ్బులో నేల కనిపించలేదు. రెండు వారాల తర్వాత తరువాతి పాఠం ఉంది. ఎస్1 గులాబీ అద్దం, కళ్ళద్దాలు పెట్టుకునేవారికి లోపల చోటు ఉండే గాగుల్స్ గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా ఆవిడకు చూపు అద్దాలు ఉన్నాయి, నిన్నటి రోజు సగం అవి ఆవిరి పట్టే ఉన్నాయి.

గోదావరి_గట్టు

నాకూ చూపు అద్దాలే. గాగుల్స్ పక్క అంచుల్లో నురుగు పట్టీకి కళ్ళద్దాల కాడలు పోయేందుకు చిన్న గాడి ఉంటుంది, అలాంటివే చూడండి. అద్దం రెండు పొరలది ఉండాలి, పైన, కింద గాలి పోయే రంధ్రాలు మూసుకుపోకూడదు. ఆవిరి పట్టినప్పుడు లోపలి వైపు వేలితో గాని, తొడుగుతో గాని తుడవకండి, అక్కడ ఉన్న పూత చెదిరిపోతే ఆ తర్వాత ఎప్పుడూ ఆవిరి పడుతూనే ఉంటుంది. ఆగిన ప్రతిసారీ గాగుల్స్‌ను హెల్మెట్ మీదికి ఎత్తి పెట్టకుండా కళ్ళ మీదే ఉంచమనండి. పైకి ఎత్తి పెడితే తల నుంచి వచ్చే ఆవిరి అంతా అద్దం లోపల పడుతుంది. మెడగుడ్డ ముక్కు మీద ఉన్నప్పుడు ఊపిరి పైకి గాగుల్స్‌లోకి పోతుంది కాబట్టి దాన్ని గాగుల్స్ అంచు కిందికి దూర్చకుండా ముక్కు కింద ఆపమని చెప్పండి. దుకాణానికి వెళ్ళేటప్పుడు కళ్ళద్దాలు, హెల్మెట్ రెండూ తీసుకెళ్ళి, మూడూ కలిపి పెట్టుకొని ఐదు నిమిషాలు ఉండి చూస్తే, ఎక్కడ నొక్కుకుంటుందో అక్కడే తెలిసిపోతుంది.